అమెరికా చేజారకపోయి ఉంటే

చిరంజీవులైన మనవలకు తాతయ్య దీవించి రాయునది,

అమెరికా చేజారబట్టే ఇంగ్లీషువాళ్లు మన మీద పడ్డారా అని మొన్న ఫోనులో అడిగారు. చాలామంది అలాగే అనుకుంటారు. కానీ తారీఖులు చూస్తే ఆ మాట నిలవదు. ప్లాసీ యుద్ధం 1757లో జరిగింది. మరుసటి ఏడు పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచివాళ్లను ఓడించి, 1759లో బందరు కోట పట్టుకున్నారు. 1766లో నిజాంతో ఒప్పందం చేసుకుని ఉత్తర సర్కారులను, అంటే మన కోస్తా ప్రాంతాన్ని, ఖాయం చేసుకున్నారు. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన ఆ తర్వాత పదేళ్లకు!

నిజానికి నిప్పు ఇటునుంచే అటు పాకింది. బెంగాలు కరువు, యుద్ధాల ఖర్చుతో ఈస్టిండియా కంపెనీ అప్పుల్లో మునిగింది. లండన్ గిడ్డంగుల్లో చైనా టీ అమ్ముడుపోక మూలుగుతోంది. దాన్ని అమెరికాలో వదిలించుకోడానికి 1773లో పార్లమెంటు చట్టం చేసింది. పౌను బరువు టీకి 3 పెన్నీల పన్ను మాత్రం ఎత్తేయలేదు. డిసెంబరు 16 రాత్రి బోస్టన్ రేవులో జనం ఓడలెక్కి, 342 పెట్టెలను గొడ్డళ్లతో పగలగొట్టి టీ అంతా నీళ్లలో కుమ్మరించారు.

ఆ గొడవ ముదిరి యుద్ధం దాకా పోకుండా, ఆ పన్ను తీసేసి, రాజీ కుదిరిందనుకోండి. ఖైదీలను ఎప్పటిలాగే అమెరికాకు పంపేవాళ్లు. 1788లో ఖైదీలతో 11 ఓడలు ఆస్ట్రేలియాలోని సిడ్నీ తీరానికి చేరేవి కావేమో. అక్కడి ఆదివాసులకు ఇంకొన్నేళ్లు ఊపిరి దక్కేది. అమెరికా యుద్ధంలో యార్క్‌టౌన్ దగ్గర ఓడిన ఇంగ్లీషు సేనాని కారన్‌వాలిస్ మనకు గవర్నర్ జనరల్‌గా వచ్చేవాడో కాదో. అప్పటిదాకా మిగిలిన గుంటూరు కంపెనీ చేతికి పోయింది ఆయన హయాంలోనే.

నన్ను నిద్రపోనివ్వనిది బానిసల సంగతి. 1833లో బ్రిటిష్ పార్లమెంటు బానిసత్వాన్ని రద్దు చేసింది. సుమారు 8 లక్షల మందిని వదిలినందుకు యజమానులకు 2 కోట్ల పౌన్లు చెల్లించింది. బానిసలకు దమ్మిడీ ఇవ్వలేదు. అప్పటికి అమెరికాలో బానిసలు 20 లక్షల పైమాటే. వాళ్లూ ఆ రాజ్యంలోనే ఉండుంటే, 1865 దాకా ఆగకుండా 30 ఏళ్ల ముందే సంకెళ్లు తెగేవా? లేక అన్ని కోట్లు ఎక్కడ తేగలమంటూ ఆ చట్టాన్నే మూలన పడేసేవాళ్లా? ఇంగ్లండులోని లాంకషైర్ బట్టల మిల్లులకు కావలసిన పత్తి ఆ బానిసల చేతుల మీదుగానే వచ్చేది. అందుకే నాకు రెండోదే నిజమనిపిస్తుంది. కాదని మీరు రుజువు చేస్తే నాకంటే సంతోషించేవాడు ఉండడు. తీరిగ్గా ఆలోచించి రాయండి.

ఆశీస్సులతో,
తాతయ్య