ట్యాగ్ కలిసినంత మాత్రాన ఇంటీరియర్ ఒరిజినల్ అయిపోదు: మజిల్ కార్ల అపోహలు - వాస్తవాలు

ఆగస్టులో వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ (పాత కార్ల ఊరేగింపు) అయిపోగానే డెట్రాయిట్ చుట్టుపక్కల ఉన్న మన తెలుగువాళ్ళ నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. పాత మజిల్ కార్ల మీద, అంటే షెవ్రొలే కెమెరో మీదో, పాంటియాక్ జీటీవో మీదో మనసు పడి ఉంటారు. పాత కార్ల ఇంటీరియర్లు విప్పి బిగించడం, కొనేవాళ్ళ తరఫున చూసిపెట్టడం నా వృత్తి. వాట్సాప్‌లో రెండు ఫొటోలు వస్తాయి. ఒకటి ట్రిమ్ ట్యాగ్‌ది (ఇంటీరియర్ కోడ్, తయారీ తేదీ ముద్రించి ఫ్యాక్టరీలో బాడీకి రివెట్లతో బిగించిన చిన్న రేకు), ఇంకోటి సీట్లది. కింద ప్రశ్న: "ట్యాగ్ మీద 712 ఉంది, లోపల కూడా బ్లాక్ కస్టమే ఉంది. అంటే అంతా ఒరిజినలే కదా?"

అపోహ: ట్యాగ్ కోడ్, లోపల ఉన్న ఇంటీరియర్ కలిస్తే ఆ పార్టులు ఫ్యాక్టరీవే.

ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. ట్యాగ్ అనేది కారు జాతకచక్రం లాంటిది. పుట్టినప్పటి సంగతులే అందులో ఉంటాయి. 1969 కెమెరో ట్యాగ్ మీద 711 ఉంటే నార్‌వుడ్ ప్లాంటులోనో వాన్ నైస్ ప్లాంటులోనో ఆ బాడీకి నల్ల స్టాండర్డ్ ఇంటీరియర్ వేశారని, 712 ఉంటే నల్ల కస్టమ్ (ఖరీదైన రకం) వేశారని అర్థం. ఆ తర్వాత యాభై ఏళ్ళలో ఎంతమంది ఓనర్లు మారారో, ఎవరు ఏం పీకేశారో ట్యాగ్‌కి తెలియదు. పైగా నల్ల కస్టమ్ సీటు కవర్లు, డోర్ ప్యానెళ్ళు, డాష్ ప్యాడ్, కార్పెట్ అన్నీ ఈరోజు రెప్రోగా, అంటే పాతవాటికి నకలుగా, కొత్తవి దొరుకుతాయి. రిస్టోర్ చేసేవాళ్ళు ట్యాగ్ చూసే ఆర్డర్ పెడతారు. కాబట్టి పూర్తిగా మార్చేసిన ఇంటీరియర్ కూడా ట్యాగ్‌తో చక్కగా కలుస్తుంది. ట్యాగులే రెప్రోవి దొరుకుతున్నాయి కాబట్టి, రివెట్లు ఎప్పుడైనా కదిపారా అన్నది ముందు చూడాలి.

కలవకపోతే మాత్రం ఏదో మారిందని ఖాయం. ట్యాగ్ మీద 718, అంటే ఎరుపు స్టాండర్డ్ ఉండి లోపల నలుపు ఉంటే, గ్లవ్ బాక్స్ తీసి వెనక రేకు చూడండి, సిల్ ప్లేట్ల (తలుపు గడప మీది రేకుల) కింద చూడండి. పాత ఎరుపు ఎక్కడో ఒకచోట మిగిలే ఉంటుంది.

మరి పార్టు ఒరిజినల్ అని ఎలా తేలుతుంది? విప్పి చూస్తేనే. సీటు తిరగేసి హాగ్ రింగులు (కవర్‌ని లోపలి స్ప్రింగులకి బిగించే చిన్న తీగ రింగులు) చూస్తాను. ఫ్యాక్టరీ కవర్ అయితే రింగులు ఒకే వరస రంధ్రాల్లో, స్ప్రింగులతో సమానంగా తుప్పు పట్టి ఉంటాయి. పక్కనే ఖాళీ రంధ్రాల వరస కనిపించిందా, కవర్ ఒకసారి ఊడదీసినట్టే. స్ప్రింగుల మీది గోనెపట్టా కొత్తగా ఉంటే ఇక చెప్పేదేముంది! సీటు బెల్టుకి కుట్టిన లేబుల్ మీద తయారైన వారం, ఏడాది ఉంటాయి. అది ట్యాగ్ మీది తేదీకి కొన్ని వారాలో నెలలో ముందు ఉండాలి. తర్వాతి తేదీ ఉంటే ఆ బెల్టు కారుతో రాలేదు. కార్పెట్ చేత్తో నిమిరినా కొంత తెలుస్తుంది. 1969లో వచ్చింది లూప్ కార్పెట్. మెత్తగా కత్తిరించిన పోగులు తగిలితే అది తర్వాత వేసింది. ఇవేవీ ఫొటోలో కనిపించవు.

పోయినేడు ఒకతను అడ్వాన్స్ కట్టేశాక నన్ను పిలిచాడు. అమ్మేవాడు "అన్‌టచ్డ్ ఇంటీరియర్" అని రాసి, దానికే వేల డాలర్లు ఎక్కువ అడిగాడు. ట్యాగ్ కలిసింది. వెనక సీటు లేపితే కింద కొత్త ఫోమ్, మెరిసే రింగులు. ఆ అబ్బాయి ముఖం చూస్తే బాధేసింది. కారు చెడ్డది కాదు, సీట్ల పని కూడా శుభ్రంగా చేశారు. కానీ అది సీట్లు మార్చేసిన కారు ధరకే కొనాల్సింది.

అపోహ: హెడ్‌రెస్టులు లేని 1969 సీట్లు 1968 కారు నుంచి తెచ్చినవి.

ఈ పుకారు పుట్టించినవాళ్ళ మీద నాకు నిజంగా కోపం. ఒకాయన "అన్నా, మోసపోయాను" అంటూ రాత్రిపూట ఫోన్ చేశాడు. కారు మీట్‌లో ఎవరో ఆయనకి ఈ మాట చెప్పి పోయారట. ట్యాగ్ మీద తేదీ చదవమన్నాను. 11B. అంటే 1968 నవంబరు రెండో వారం. ముందు సీట్లకి హెడ్‌రెస్టులు తప్పనిసరి చేస్తూ ఫెడరల్ నిబంధన అమల్లోకి వచ్చింది 1969 జనవరి 1న. అంతకుముందు తయారైన 1969 మోడల్ కార్లలో అవి ఆప్షన్ మాత్రమే. ఆయన కారులో లేకపోవడమే సహజం. ఊరికే రెండు రోజులు నిద్ర పాడుచేసుకున్నాడు, పాపం. ఇలాంటిది ఎవరైనా అంటే టెన్షన్ పడకుండా ముందు తేదీ చూసుకోండి.

అపోహ: జీఎమ్ (జనరల్ మోటార్స్) గుర్తు, "బాడీ బై ఫిషర్" (జీఎమ్ బాడీలు చేసిన విభాగం) ముద్ర ఉంటే ఒరిజినల్. లైసెన్స్ తీసుకుని చేసే రెప్రో పార్టుల మీద జీఎమ్ గుర్తు ఉంటుంది. ఫిషర్ ముద్ర ఉన్న కొత్త సిల్ ప్లేట్లు ఎన్నైనా దొరుకుతాయి.

అపోహ: చిరిగి, వెలిసిపోయి ఉంటే ఒరిజినల్. ముప్పై ఏళ్ళ కిందట వేసిన కవర్ కూడా ఈపాటికి చిరుగుతుంది.

అపోహ: విన్ నంబర్ (కారు గుర్తింపు సంఖ్య) పంపితే కంపెనీ అన్నీ చెప్పేస్తుంది. పాంటియాక్‌కి పీహెచ్ఎస్ (పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్) దగ్గర బిల్లింగ్ రికార్డులున్నాయి. ఫోర్డ్‌కి 1967 మోడల్ నుంచి, ఫ్యాక్టరీ రికార్డులు చూసి ఇచ్చే మార్టీ రిపోర్ట్ ఉంది. అమెరికాలో అమ్మిన కెమెరో, షెవెల్‌లకి అలాంటి సదుపాయం లేదు. కెమెరో విన్ చూస్తే వీ8 అని, ఏ ప్లాంటు అని తెలుస్తుంది తప్ప సీటు సంగతి తెలియదు. రికార్డు దొరికినా అది కూడా పుట్టినప్పటి సంగతే.

కెమెరోకి గట్టి కాగితం ఏదైనా ఉందంటే బిల్డ్ షీటే, అంటే ఆ కారుకి ఏమేం బిగించాలో ఫ్యాక్టరీలో రాసుకున్న కాగితం. అది పెట్రోల్ ట్యాంకు మీదో, సీటు స్ప్రింగుల్లోనో ఇరుక్కుని ఉండొచ్చు. అందుకే పాత సీట్లు షాపుకి ఇచ్చేటప్పుడు, విప్పినవేవీ పారేయవద్దని ముందే రాసి ఇవ్వండి. చిరిగిన కవర్లు, పాత గోనెపట్టా, తుప్పు రింగులు కూడా డబ్బాలో పెట్టి ఇమ్మనండి. రేపు మీరు అమ్మేటప్పుడు కొనేవాడికి చూపించడానికి అవే సాక్ష్యం.

ఇప్పుడు కొనేవాళ్ళకి నా మాట ఒక్కటే: అడ్వాన్స్ కట్టకముందే వెనక సీటు కుషన్ తీసి చూపించమని అడగండి. ముందు అంచు పట్టుకుని వెనక్కి నెట్టి పైకి లేపితే వచ్చేస్తుంది, పనిముట్లు అక్కర్లేదు. ఒప్పుకోకపోతే "ఒరిజినల్" అన్న మాటకి అదనంగా ఒక్క డాలర్ కూడా ఇవ్వకండి.