ఇంజిన్ బోల్టు థ్రెడ్ స్లిప్ అయిందా? కొన్ని అపోహలు - వాస్తవాలు

"ఆయిల్ నట్టు తిరుగుతూనే ఉంది గానీ బిగుసుకోవట్లేదన్నా" అంటూ మా గాజువాక ఆటోనగర్‌కి బండి తోసుకొచ్చేవాళ్లలో చాలామంది అప్పటికే ఒకరిద్దరి చేతుల్లో పడి వచ్చినవాళ్లే. పోయిన థ్రెడ్‌ని, అంటే బోల్టు బిగుసుకునే మరల్ని, బాగుచేయడం అంత కష్టం కాదు. దాని మీద ముందే చేసిన సర్దుబాట్లను విప్పి బాగుచేయడమే కష్టం. అలాంటి సర్దుబాటు ప్రతిదాని వెనకా ఏదో ఒక అపోహ ఉంటుంది.

అపోహ: ఎంత గట్టిగా బిగిస్తే అంత సేఫ్.

బోల్టు ఉక్కు, అది దిగే చాంబర్ (ఇంజిన్ పెట్టె) అల్యూమినియం. రెండింటికీ పోటీ పెడితే పోయేది అల్యూమినియమే. బిగించినప్పుడు బోల్టు వెంట్రుకవాసి సాగుతుంది. సాగినది మళ్లీ దగ్గరికి రావాలని లాగే లాగుడే కవర్‌ని పట్టి ఉంచుతుంది. ఆ భారం మరలన్నిటి మీదా సమానంగా పడదు. మొదటి మర ఒక్కటే దాదాపు మూడో వంతు మోస్తుంది. అది తెగితే రెండోది, తర్వాత మూడోది.

క్లచ్ కవర్, మాగ్నెట్ కవర్లకు ఉండే 6 మి.మీ. బోల్టుకి సుమారు 10 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) చాలు. అంటే 15 సెంటీమీటర్ల స్పానర్ చివర 7 కిలోల బలం. పళ్లు బిగించి లాగితే 20 కిలోలు ఇట్టే దాటుతుంది, అంటే మూడు రెట్లు. ఆయిల్ దించడానికి విప్పే డ్రెయిన్ బోల్టు చాలా బండ్లలో 12 మి.మీ. ఉంటుంది. దానికి ఎక్కువగా 20 నుంచి 30 న్యూటన్ మీటర్ల మధ్య చెబుతారు. మీ బండి అంకె మాన్యువల్‌లో చూసుకోండి. అక్కడ ఆయిల్ కారకుండా ఆపేది వాషర్, బిగువు కాదు. అది నలిగి సీల్ అవుతుంది కాబట్టి ఆయిల్ మార్చిన ప్రతిసారీ కొత్తది వేయాలి. నాలుగు సార్లు నలిగిన వాషర్‌నే మళ్లీ పెట్టి, కారుతోందని ఇంకో పావు చుట్టు తిప్పడం దగ్గరే చాలా థ్రెడ్లు పోతాయి.

అపోహ: తెల్ల టేపు చుట్టినా, ఎమ్-సీల్ పెట్టినా ఆగిపోతుంది.

టేపు నీళ్ల పైపుల కోసం. ఆ మరలు ఏటవాలుగా ఉంటాయి. డ్రెయిన్ బోల్టు మరలు నిటారు. టేపు తునకలు లోపలికి పోయి ఆయిల్ జాలీకి అడ్డం పడతాయి. ఎమ్-సీల్ సంగతంటారా, వచ్చే ఆయిల్ మార్పుకి ఆ బోల్టుని ఎలా విప్పుతారో పెట్టినాయన్నే అడగాలి.

అపోహ: ఒక సైజు పెద్ద బోల్టు ఎక్కిస్తే సరిపోతుంది.

తనంతట తానే మరలు కోసుకుంటూ దిగే పెద్ద బోల్టులు దొరుకుతాయి. అవి కోసిన అల్యూమినియం పొడి ఇంజిన్ లోపల పడుతుంది. చేత్తో తిప్పితే కొంచెం వంకరగా దిగడం మామూలే. అప్పుడు వాషర్ ఒక పక్కే ఆనుతుంది, లీకు మళ్లీ మొదలు. పైగా బోల్టు చుట్టూ ఉన్న గోడ పల్చబడి, రేపు సరైన రిపేరు చేద్దామన్నా మెటల్ మిగలదు. ఆ స్థితిలో ఆర్గాన్ వెల్డింగ్ తప్ప దారి ఉండదు. ఏళ్ల తరబడి ఆయిల్ తాగిన అల్యూమినియంలో వెల్డింగ్ శుభ్రంగా కూర్చోదు.

అపోహ: అదే సైజు ట్యాప్ (రంధ్రంలో మరలు కోసే పనిముట్టు) కొడితే థ్రెడ్ తిరిగి వస్తుంది.

మురికి పట్టిన మరలు శుభ్రమవుతాయి, అంతే. ఊడిపోయిన మెటల్ తిరిగి రాదు. అయితే నేను ముందుగా చూసేది ఒకటుంది. సన్నని తీగతో రంధ్రం లోతు కొలుస్తాను. కొన్నిచోట్ల రంధ్రం లోతుగా ఉండి, బోల్టు సగం దాకానే దిగుతుంది. అడుగున తాజా మరలు మిగిలి ఉంటే కాస్త పొడవు బోల్టుతో పని అయిపోతుంది. అడుగు తగలకుండా మాత్రం పొడవు చూసుకోవాలి, లేకపోతే చాంబర్ పగులుతుంది.

అపోహ: హెలికాయిల్ తాత్కాలికం, చాంబర్ మార్చాల్సిందే.

హెలికాయిల్ అంటే స్ప్రింగులా చుట్టిన స్టెయిన్‌లెస్ తీగ. పోయిన రంధ్రాన్ని పెద్దది చేసి దీన్ని దించితే, బోల్టుకి ఇదే కొత్త మర అవుతుంది. విమానాల అల్యూమినియం భాగాల్లో కొత్తగా ఉన్నప్పుడే వీటిని పెడతారు. సరిగ్గా పడితే అసలు థ్రెడ్ కంటే గట్టిగా ఉంటుంది, ఎందుకంటే అల్యూమినియంలో కోసిన మర ఇప్పుడు ఇంకా పెద్దది. 6 మి.మీ. బోల్టుకి 6.2 లేదా 6.3 డ్రిల్లు వేసి, కిట్‌లో వచ్చే ప్రత్యేక ట్యాప్ కొట్టాలి. మామూలు ట్యాప్ పనికిరాదు. ట్యాప్ పడ్డాక బయటి కొలత సుమారు 7.3 మి.మీ. అవుతుంది కాబట్టి చుట్టూ గోడ ఉందో లేదో ముందే చూసుకోవాలి.

నా వరకు ఈ పనిలో ముప్పాతిక వంతు డ్రిల్లు నిటారుగా దిగడమే. కవర్ విప్పి తేగలిగినది అయితే లేత్ షాపులో నిలువు డ్రిల్లింగ్ మెషిన్ మీదే వేయించండి. ట్యాప్‌కి కిరోసిన్ రాస్తూ, అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి. తీగని పై అంచు కంటే పావు చుట్టు, అర చుట్టు లోపలికి దించి, కింద తోకని (తీగని తిప్పి దించడానికి అడుగున ఉండే అడ్డ ముక్కని) విరిచి బయటికి తీయాలి. తోకని లోపలే వదిలేసినవాళ్ల పని కూడా చూశాను.

డ్రెయిన్ బోల్టుని మాటిమాటికీ విప్పాలి కాబట్టి అక్కడ మాత్రం తీగ కంటే గట్టి ఉక్కు బుష్ (లోపలా బయటా మరలున్న గొట్టం ముక్క) నాకు నచ్చుతుంది.

అపోహ: స్టెయిన్‌లెస్ బోల్టులు వేస్తే సముద్రపు గాలికి దిగులు లేదు.

వైజాగ్‌లో ఇది బాగా వింటాను. బోల్టు తుప్పు పట్టదు, నిజమే. కానీ ఉప్పు తేమ ఉన్నచోట స్టెయిన్‌లెస్, అల్యూమినియం ఆనుకుంటే తినేయబడేది అల్యూమినియం. తెల్లపొడి పట్టి బోల్టు బిగుసుకుపోతుంది, విప్పేటప్పుడు మరలతో సహా వస్తుంది. ఫిషింగ్ హార్బర్ నుంచి చేపల ట్రేలు మోసే బండ్లలో, ఐసు నీళ్లు ఇంజిన్ మీద కారి కారి, ఇది మరీ ఎక్కువ. మరలకు యాంటీ సీజ్ పేస్టు (బోల్టు పట్టుకుపోకుండా పూసేది) పూసి వేయండి. పేస్టు పూసినప్పుడు అదే టార్క్‌కి లాగుడు పెరుగుతుంది, కాబట్టి చేయి కొంచెం తగ్గించండి.

స్పార్క్ ప్లగ్ సంగతి వేరు. వేడి ఇంజిన్‌లో ప్లగ్ విప్పొద్దు, చల్లారనివ్వండి. అక్కడ థ్రెడ్ పోతే, ట్యాప్‌కి గ్రీజు దట్టించి పైనుంచే కానిచ్చేస్తారు కొందరు. గ్రీజు చాలా పొడిని పట్టుకుంటుంది గానీ అంతా పట్టుకోదు. మిగిలింది పిస్టన్ మీద పడి సిలిండర్ గోడని గీస్తుంది. నేనైతే హెడ్ (సిలిండర్ పై మూత) దించకుండా ఆ పని ఒప్పుకోను. ఒక పూట ఎక్కువ పడుతుంది, గ్యాస్కెట్ ఖర్చు కలుస్తుంది. అది ముందే చెప్పి పనిలోకి దిగుతాను.