బెరుకు, ద్వేషం ఒకటేనా: ఒక పరిశోధన నేపథ్యం

వేరే జాతికి చెందిన వ్యక్తితో మొదటిసారి మాట్లాడేటప్పుడు గొంతు తడారడం, అరచేతులు చెమర్చడం ద్వేషానికి గుర్తా, లేక బెరుకు మాత్రమేనా అన్న ప్రశ్నపై టొరంటో విశ్వవిద్యాలయ మనస్తత్వశాస్త్ర ఆచార్యురాలు ఎలిజబెత్ పేజ్-గూల్డ్ ఏళ్లుగా పనిచేస్తున్నారు. ఈ ప్రశ్న రెండు వేర్వేరు పరిశోధన పాయల కలయికలో పుట్టింది.

మొదటి పాయ శరీరానిది. ప్రమాదం ఎదురైతే ప్రాణి పోరాటానికో పలాయనానికో సిద్ధమవుతుందని శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లో వివరించారు. హాని ఏ రూపంలో వచ్చినా శరీరం ఒకే తీరుగా స్పందిస్తుందని, ఎలుకలపై ప్రయోగాల ఆధారంగా, ఒత్తిడిపై పరిశోధించిన శాస్త్రవేత్త హాన్స్ సెల్యే 1936లో ప్రకటించారు. రెండో పాయ సమాజానిది. పాఠశాలల్లో జాతి విభజన చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చిన 1954లోనే, సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, సహకారం, అధికార వ్యవస్థల మద్దతు ఉన్నచోట భిన్న వర్గాలవారు కలిసి మెలిగితే దురభిప్రాయం తగ్గుతుందని మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ ప్రతిపాదించారు. థామస్ పెటిగ్రూ, లిండా ట్రాప్ 2006లో 515 అధ్యయనాలను కలిపి పరిశీలించినప్పుడు ఈ ప్రతిపాదనకు గట్టి బలం చేకూరింది. ఆ నాలుగు షరతులూ మేలు చేస్తాయే తప్ప తప్పనిసరి కావని కూడా తేలింది.

అయితే కలుసుకున్న ఆ కొద్ది నిమిషాల్లో మనిషి లోపల ఏం జరుగుతుందన్న విషయం చాలాకాలం వెనకబడిపోయింది. ఇతర వర్గాలవారి ఎదుట కలిగే ఆందోళనను 1985లో స్టీఫన్ దంపతులు ప్రత్యేక విషయంగా నిలబెట్టారు. అలాంటి సంభాషణ ముగిశాక, దురభిప్రాయం ఎక్కువగా ఉన్నవారి ఏకాగ్రత సన్నగిల్లుతుందని 2003లో జెనిఫర్ రిచెసన్, నికోల్ షెల్టన్ చూపారు. ఇంత అలసట మిగిల్చే పరిచయాన్ని మనిషి మళ్లీ కోరుకోకపోవడం సహజమే. అసలు చిక్కు ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

పేజ్-గూల్డ్, ఆమె సహచరులు 2008లో ప్రచురించిన అధ్యయనం సరిగ్గా ఈ చిక్కునే పట్టుకుంది. లాటినో (లాటిన్ అమెరికా మూలాలున్న), శ్వేతజాతి విద్యార్థులను జతలు చేసి, స్నేహం పెరిగేలా మూడుసార్లు కలిపి, లాలాజలంలో ఒత్తిడి హార్మోను కార్టిసాల్‌ను కొలిచారు. ప్రశ్నాపత్రంలో జవాబును దిద్దుకోవచ్చు గానీ హార్మోనును దిద్దుకోలేం కాబట్టి ఈ కొలతకు విలువ ఎక్కువ. అవతలి వర్గంవారితో జతపడినవారిలో, మనసు లోతుల్లో దురభిప్రాయం ఉన్నవారికీ, తిరస్కారానికి గురవుతామన్న భయం ఎక్కువగా ఉన్నవారికీ ఆ కలయికలు సాగేకొద్దీ కార్టిసాల్ తగ్గుతూ వచ్చింది. ఆ తర్వాత పది రోజులపాటు రాయించిన డైరీలను చూస్తే, లోలోపల దురభిప్రాయం ఉన్నవారే అవతలి వర్గంవారితో మాట్లాడే సందర్భాలను వెతుక్కుంటూ వెళ్లినట్టు కనిపించింది.