మిల్లు గేటు దగ్గర మొదలైన చట్టం, బడి గుమ్మం దగ్గర ఆగిన చట్టం

బాలింతకు డబ్బుతో పాటు సెలవు ఇవ్వాలన్న చట్టం మన దేశంలో 1929లో, మిల్లుల ఊరు బొంబాయిలో పుట్టింది. అంతకు ముందు ఏడాది బిల్లుపై చర్చలో అంబేడ్కర్ దాన్ని సమర్థించారు. తల్లికి విశ్రాంతి దేశానికే మేలు, కాబట్టి ఖర్చులో ఎక్కువ భాగం ప్రభుత్వం మోయాలి, అలాగని యజమాని తప్పించుకోకూడదు అన్నది ఆయన వాదన. చట్టం మాత్రం భారమంతా యజమాని మీదే పెట్టింది. కోస్తా, రాయలసీమ కలిసి ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలోనూ 1934లో ఇలాంటి చట్టమే వచ్చింది. 1961 కేంద్ర చట్టం 12 వారాలు ఇచ్చింది, 2017 సవరణ దాన్ని 26 చేసింది. ఈఎస్‌ఐ బీమా లేని చోట డబ్బు ఇవ్వాల్సింది ఇప్పటికీ యజమానే.

మరి ఈ వారం ఒకరి మిరపచేలో, వచ్చే వారం ఇంకొకరి పత్తిచేలో కూలికెళ్లే మనిషి సెలవు ఎవరిని అడగాలి? తమిళనాడు 1987లో వైద్యురాలు, సంఘ సంస్కర్త ముత్తులక్ష్మి రెడ్డి పేరిట పేద గర్భిణులకు నగదు సాయం మొదలుపెట్టింది. దేశమంతటికీ రావడానికి 2013 ఆహార భద్రత చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. అందులో రాసింది కనీసం 6,000 రూపాయలు. 2017లో మొదలైన మాతృ వందన పథకం ఇచ్చింది 5,000, అదీ మొదటి కాన్పుకే. తర్వాత రెండో కాన్పునూ కలిపారు గానీ, ఆడపిల్ల పుడితేనే.

పిల్లల సంగతి ఇంకా చిత్రం. రాజ్యాంగం 45వ అధికరణం మొదట 14 ఏళ్లలోపు పిల్లలందరికీ చదువు అంది. 2002 సవరణ ఆరు నుంచి పద్నాలుగేళ్ల వాళ్లకు హక్కు ఇచ్చి, ఆరేళ్లలోపు వాళ్ల విషయంలో ప్రభుత్వం ప్రయత్నించాలని మాత్రం రాసింది. 2009 విద్యాహక్కు చట్టం, మూడేళ్లు దాటిన వాళ్లకు ఏర్పాట్లు చేయవచ్చు అంది. ఈ ‘వచ్చు’ ఉన్నచోట నిలదీసే వీలుండదు.

ఆ ఖాళీని 1975 అక్టోబర్ 2న 33 బ్లాకుల్లో మొదలైన ఐసీడీఎస్, అంటే అంగన్‌వాడీలు నడిపే శిశు అభివృద్ధి పథకం, మోస్తోంది. ఏదైనా అంగన్‌వాడీకి పొద్దున వెళ్లి చూడండి. ఒకటే గది. పొయ్యి మీద పప్పు, గోడకు అక్షరాల చార్టు, మూలన బరువు తూచే మెషీన్. టీచర్ గుడ్ల లెక్క రాయాలి, బాలామృతం ప్యాకెట్లు పంచాలి, ఫోన్‌లో వివరాలు ఎక్కించాలి, మధ్యలో అ ఆలు చెప్పాలి. పనెక్కువైన రోజు ముందు ఆగేది అ ఆలే. గుడ్డుకు రిజిస్టర్ ఉంది, పాటకు లేదు కదా!

ఇంత చేసినా ఆమెకిచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. ఆమెకు గ్రాట్యుటీ (పని మానేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే డబ్బు) చట్టం వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో తేల్చింది. అప్పటికి అంగన్‌వాడీలు మొదలై 46 ఏళ్లు దాటింది.