పాటల పోటీ: గురువు తీర్పు నుంచి జనం ఓటు దాకా

టీవీలో పాటల పోటీ ముగిసిన ప్రతిసారీ బాగా పాడినవారు గెలిచారా, ఓట్లు ఎక్కువ పడ్డవారు గెలిచారా అన్న వాదన రేగుతుంది. తెలుగులో ఈ పోటీలు వేళ్లూనుకున్న రోజుల్లో ఇలాంటి వాదనకు పెద్దగా తావు లేదు, ఎందుకంటే తీర్పు పూర్తిగా సంగీతం తెలిసినవారి చేతిలోనే ఉండేది.

ఈటీవీ 1995లో ప్రారంభమైంది. మరుసటి ఏడాది ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం సారథ్యంలో ‘పాడుతా తీయగా’ మొదలైంది. కుర్రవాడిగా మద్రాసులో పాటల పోటీలో పాడి సంగీత దర్శకుడు ఎస్పీ కోదండపాణి దృష్టిలో పడి, 1966లో ఆయన స్వరరచనలోనే తొలి సినిమా పాట పాడిన బాలుకు, ఒక పోటీ మనిషి జీవితాన్ని ఎంత దూరం తీసుకువెళ్లగలదో స్వానుభవం. అందుకే కాబోలు ఆ కార్యక్రమం సగం పోటీగా, సగం పాఠంగా నడిచింది. పాట ఏ సినిమాలోదో, ఎవరు రాశారో, ఎవరు బాణీ కట్టారో చెప్పడం అక్కడ పాటతో పాటే నడిచేది. ‘శ’ కాస్తా ‘స’ అయినా, ఒత్తు జారినా, ఊపిరి చాలక మాట మధ్యలో విరిగినా ఆయన ఆ పంక్తిని తానే పాడి సవరించేవారు. నన్నడిగితే, పోటీదారుకు మార్కుల కన్నా ఆ సవరణే ఎక్కువ కాలం ఉపయోగపడింది. ఉష, మల్లికార్జున్, గోపికా పూర్ణిమ వంటి నేపథ్య గాయకులు ఆ వేదిక మీద గుర్తింపు పొందినవారే.

2004లో బ్రిటన్‌కు చెందిన ‘పాప్ ఐడల్’ నమూనాలో సోనీ చానల్ ‘ఇండియన్ ఐడల్’ను తెచ్చింది. ఆడిషన్లలో వడపోత జడ్జిలదే అయినా, తుది దశలో గెలుపోటములను ప్రేక్షకుల ఓట్లు నిర్ణయించడంతో గాయకుడి పని స్వరూపమే మారిపోయింది. శ్రుతిలో పాడటంతో పాటు వారంవారం కొత్త తరహా పాటకు గొంతును మలచుకోవడం, కెమెరా ముందు తడబడకుండా మాట్లాడటం, ఇంటి పరిస్థితులను పదిమందికీ చెప్పుకోవడం కూడా పోటీలో భాగమయ్యాయి. పైగా తెలుగువారు హిందీ ఉచ్చారణనూ సాధించాలి. 2006లో కారుణ్య రన్నరప్‌గా నిలిచారు. 2010లో శ్రీరామచంద్ర గెలిచినప్పుడు ఆయనకు ఓటేయమని తెలుగునాట సాగిన ప్రచారం చూస్తే, సంగీతాభిమానం ఎక్కడ ఆగి ప్రాంతాభిమానం ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టమనిపిస్తుంది. అలాగని ఆయన గొంతును తక్కువ చేయనక్కరలేదు. ఓట్లు ఎక్కువ పడినంత మాత్రాన పాట తక్కువదైపోదు.

2017లో ఇదే పోటీ గెలిచిన రేవంత్ అప్పటికే ‘బాహుబలి’లో పాడిన గాయకుడు. వెనుకటి పోటీ సినిమా అవకాశానికి తొలిమెట్టు. ఇప్పుడు సినిమాలో పాడినవారే తమ ముఖం జనానికి తెలియడానికి పోటీకి వెళ్తున్నారు. తెర వెనుక గొంతుకు దక్కని గుర్తింపును బుల్లితెర ఇస్తోందన్నమాట.

2020లో బాలు కన్నుమూశాక ‘పాడుతా తీయగా’ బాధ్యతను ఆయన కుమారుడు చరణ్ స్వీకరించారు. 2022లో తెలుగు ఓటీటీ వేదిక ఆహా ‘తెలుగు ఇండియన్ ఐడల్’ను ప్రారంభించగా తొలి విజేతగా వాగ్దేవి నిలిచారు. ఆ సీజన్‌కు వ్యాఖ్యాత శ్రీరామచంద్రే. అంతకు ముందు ఏడాది ఆయన ‘బిగ్ బాస్’ ఫైనల్ దాకా వెళ్లారు. 2022లో అదే షో ఆరో సీజన్‌ను రేవంత్ గెలిచారు. అక్కడ కూడా ఓట్లే, కాకపోతే పాటతో పని లేదు.