గుండె కవాటాల ఇన్ఫెక్షన్ గోడకు పాకినప్పుడు: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఇన్ఫెక్షన్ కవాటం దగ్గరే ఆగిపోతుంది.

వాస్తవం: గుండె లోపొరకూ కవాటాలకూ సోకే ఇన్ఫెక్షన్ అయిన ఎండోకార్డైటిస్‌లో బ్యాక్టీరియా కవాటపు రేకులనే కాక, అవి అతుక్కుని ఉండే వలయాన్నీ తొలిచి, పక్కనున్న గుండె గోడలో చీముగడ్డను ఏర్పరచగలదు. బృహద్ధమని (గుండె నుంచి శరీరానికి రక్తాన్ని తీసుకెళ్లే ప్రధాన ధమని) కవాటానికి ఇన్ఫెక్షన్ సోకినవారిలోనూ, కృత్రిమ కవాటం ఉన్నవారిలోనూ ఈ ప్రమాదం ఎక్కువ. స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా కారణమైతే విధ్వంసం మరింత వేగంగా సాగుతుంది. గడ్డ పగిలి బృహద్ధమనికీ గుండె గదికీ మధ్య దారి పడితే, రక్తం వెళ్లకూడని చోటికి మళ్లి గుండె త్వరగా విఫలమవుతుంది.

అపోహ: గోడ దెబ్బతింటే రోగికి నొప్పి తెలుస్తుంది.

వాస్తవం: చాలాసార్లు ఏ నొప్పీ ఉండదు. సరైన యాంటీబయాటిక్స్ ఇస్తున్నా వారం దాటి జ్వరం కొనసాగడం ఒక హెచ్చరిక. రెండవది ఈసీజీలో కనిపిస్తుంది. గుండె పై గదుల నుంచి కింది గదులకు విద్యుత్ సంకేతాలు వెళ్లే మార్గం బృహద్ధమని కవాటానికి ఆనుకునే ఉంటుంది కనుక, వాపు గానీ చీము గానీ అక్కడికి చేరితే ఆ సంకేతాలు కిందికి చేరడానికి పట్టే సమయం, అంటే పీఆర్ వ్యవధి, పెరుగుతుంది, కొందరిలో అది సంకేతాలు కిందికి అసలు చేరని పూర్తి హార్ట్ బ్లాక్‌గా మారుతుంది. అందుకే బృహద్ధమని కవాటానికి ఇన్ఫెక్షన్ ఉన్నవారికి తొలి రోజుల్లో ప్రతిరోజూ ఈసీజీ తీయాలని నేను పట్టుబడతాను. రోగి కూర్చుని హాయిగా మాట్లాడుతున్నా, కొత్తగా పెరిగిన పీఆర్ వ్యవధిని తేలిగ్గా తీసుకోకూడదు. అయితే ఈసీజీ మామూలుగా ఉన్నంత మాత్రాన గడ్డ లేదని నిర్ధారించలేము.

అపోహ: ఎకో (గుండె అల్ట్రాసౌండ్)లో కనబడలేదంటే గడ్డ లేనట్లే.

వాస్తవం: ఛాతీ మీద నుంచి చేసే ఎకోలో చాలా గడ్డలు కనబడవు. అన్నవాహిక గుండా చేసే టీఈఈ పరీక్ష వాటిని మెరుగ్గా పట్టుకుంటుంది. అందులోనూ తొలి దశ గడ్డ తప్పిపోవచ్చు కాబట్టి, అనుమానం మిగిలితే 5-7 రోజుల్లో మళ్లీ చేస్తాము. గుండె సీటీ కూడా తోడ్పడుతుంది.

అపోహ: ఇన్ఫెక్షన్ పూర్తిగా నయమయ్యాకే ఆపరేషన్ చేయాలి.

వాస్తవం: రోగుల కుటుంబాలకు నేను అన్నిటికంటే ఓపికగా వివరించేది ఇదే. చీము లోపలికి మందు తగినంత చేరదు కనుక, గోడలో గడ్డ ఉన్నవారిలో ఎక్కువమందికి యాంటీబయాటిక్స్ మాత్రమే చాలవు, ఎదురుచూసే కొద్దీ కుట్టు నిలిచేందుకు కావలసిన కణజాలమూ తరిగిపోతుంది. శస్త్రవైద్యులు కుళ్లిన భాగాన్ని తొలగించి, లోటును తరచుగా పెరికార్డియం (గుండెను కప్పి ఉండే పొర) ముక్కతో పూడ్చి, కవాటాన్ని మారుస్తారు. ఆ తర్వాత కూడా యాంటీబయాటిక్స్ కొనసాగించాలి. వాటిని ఎన్ని వారాలు ఇవ్వాలన్నది ఆపరేషన్‌లో తీసిన కణజాలపు కల్చర్ (అందులో సూక్ష్మక్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్ష) ఫలితాన్ని చూశాక నిర్ణయిస్తాము.