గీత పక్కన గంట

చిరంజీవులు చిన్నీకి, బాబుకి, వీధిలో పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

ఆకుతీతకు వెళ్లిన పక్కింటి మామను పింజర పాము కరిచిందని, పర్లాకిమిడి ఆసుపత్రిలో నర్సమ్మ ఆయన కాలి మీద పెన్నుతో గీతలు గీసిందని రాశావు చిన్నీ. "కాలేమన్నా నోటుపుస్తకమా తాతా?" అని అడిగావు. ఆ పూటకి అవునమ్మా, నోటుపుస్తకమే.

మీ అమ్మ పెసలు మొలకెత్తించడం చూశావు కదా. నానిన పెసల్ని గుడ్డలో మూట కడుతుంది. వదులుగా కడితే పెసలు ఉబ్బినా చోటుంటుంది. బిగించి కట్టామా, తెల్లారేసరికి మూట రాయిలా గట్టిపడుతుంది. నడిమి పెసలకు నీరూ గాలీ అందవు, మొలక రాదు, వాసనొస్తుంది. మోకాలి కింద కండలు కూడా ఇలాంటి నాలుగు మూటలు. ఒక్కో మూట చుట్టూ సాగని పొర ఉంటుంది. నాలుగింటినీ కలిపి కప్పిన పెద్ద సంచి చర్మం. అది మాత్రం సాగుతుంది. విషం సన్నటి రక్తనాళాల గోడల్ని చెడగొడితే లోపలి నీరు బయటికి ఊరుతుంది. చాలాసార్లు అది చర్మం కిందే చేరుతుంది. కాలు చూడ్డానికి భయంకరంగా వాచినా లోపలి మూటలకు ఏమీ కాదు. ఎప్పుడో ఒకసారి లోపలి మూటే నిండిపోతుంది. అప్పుడు దానిలోకి రక్తం పోవడానికి సందు ఉండదు. నాలుగు నుంచి ఆరు గంటలు అలా ఉంటే కండ చచ్చిపోవడం మొదలవుతుంది.

అందుకే గీత. వాపు ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ గీసి, పక్కన అప్పుడు ఎన్ని గంటలైందో రాస్తారు. మొదట్లో పావుగంటకోసారి, తరవాత అరగంటకో గంటకో చూసి కొత్త గీత గీస్తారు. టేపుతో చుట్టుకొలత కూడా తీస్తారు. ప్రతిసారీ అదే చోట కొలవాలి, రెండో కాలితో పోల్చాలి. కొన్ని గంటల్లోనే చీలమండ దాటి పైకి పాకినా, కరిచిన కాలులో సగం వాచినా, గజ్జల్లో బిళ్ల కట్టినా విషానికి విరుగుడు మందు ఎక్కించాల్సిందే. మొదటి విడత సాధారణంగా 8 నుంచి 10 సీసాలు. పిల్లలకూ అంతే, ఎందుకంటే పాము మనిషి వయసు చూసి విషం తగ్గించదు. పొడి గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల రక్తం పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి వంచి చూస్తారు. అప్పటికీ గడ్డకట్టక కారిపోతే విషం రక్తం దాకా చేరినట్టే.

మన ఆంధ్ర-ఒడిశా సరిహద్దు ఊళ్లలో ఈ గీతకు ఇంకో గుణం ఉంది. కాశీనగర్‌లో తెలుగులో చెప్పుకున్నది పర్లాకిమిడిలో ఒడియాలో చెప్పాలి, అక్కణ్ణుంచి బరంపురం పంపితే మళ్లీ కొత్త డాక్టరు, కొత్త చేతులు. నోటిమాట దారిలో జారిపోవచ్చు. చర్మం మీది గీతనీ గంటనీ ఏ భాషవాళ్లయినా చదువుతారు. అంబులెన్సు వచ్చేలోగా ఇంట్లో పెన్నుంటే మొదటి గీత మీరే గీయండి.

గీత చెప్పలేనిది కూడా ఉంది. దాన్ని కాలే చెప్పాలి. వాపు చూస్తే కొంచెమే, నొప్పి మాత్రం ఓర్చుకోలేనంత. కాలివేళ్లను ఇంకొకరు మెల్లగా పైకి వంచితే పిక్కలో ప్రాణం పోయినంత నొప్పి. పిక్క చెక్కలా గట్టిపడటం. బొటనవేలికీ పక్కవేలికీ నడుమ సందు మొద్దుబారడం. వీటిలో ఏది కనిపించినా అప్పుడే డాక్టరుకు చెప్పాలి. "నాడి కొట్టుకుంటోంది కదా" అని ఊరుకోకూడదు, నాడి ఆగడం చివరాఖరి గుర్తు. అలాగని లోపలి మూట వదులు చేయడానికి తొందరపడి కాలి మీద కోత పెట్టించడమూ తప్పే. రక్తం గడ్డకట్టనప్పుడు కోస్తే ఆగదు. ముందు విరుగుడు ఎక్కించి, రక్తం కుదుటపడ్డాక, సూదితో లోపలి ఒత్తిడి కొలిచి చూస్తారు. మామూలుగా అది 10 మిల్లీమీటర్ల పాదరసం లోపు ఉంటుంది, 30, 40 దాటితే అప్పుడు కోత గురించి ఆలోచిస్తారు. చాలామందికి కోత అవసరమే పడదు.

మా చిన్నతనంలో ఊళ్లో ఎవరిని పాము కరిచినా కాటు పైన కొబ్బరితాడు బిగించేవారు. మంచిదనే నమ్మకం. పెసలమూట గుర్తు తెచ్చుకోండి, అప్పటికే బిగిసినదానికి ఇంకో ముడి! కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు, ఆకుపసరు పుయ్యొద్దు. ఎవరైనా ముందే గట్టిగా కట్టి ఉంటే దాన్ని దారిలో తటాలున విప్పెయ్యొద్దు, డాక్టరు ముందే విప్పాలి. పట్టీలు, మెట్టెలు, ఉంగరాలు, మొలతాడు, కాలికి కట్టిన నల్లదారాలు మాత్రం వాపు రాకముందే తీసేయాలి. కాలికి వెదురుబద్ద ఆనించి, వేలు దూరేంత వదులుగా గుడ్డ చుట్టి, కదలకుండా పడుకోబెట్టి 108కి ఫోను చేయండి. నొప్పికని యాస్పిరిన్, డైక్లోఫినాక్ ఇవ్వొద్దు, రక్తం ఇంకా పలచబడుతుంది.

తాచుపాము కరిస్తే రెండు మూడు రోజుల్లో కాటు చుట్టూ నల్లబడి బొబ్బలు లేవచ్చు. వాటిని మీరు చిదమకండి. కట్లపాము కాటుకు మాత్రం వాపు దాదాపు ఉండదు. కనురెప్పలు వాలిపోవడం ఒక ముఖ్యమైన గుర్తు. వాపు లేదని ఇంట్లో కూర్చోకూడదు.

చిన్నీ, ఇప్పుడు కుట్టుమిషను దగ్గరున్న టేపు తెచ్చుకో. మోకాలి చిప్ప నుంచి నాలుగు వేళ్ల కిందికి గుర్తు పెట్టి తమ్ముడి రెండు పిక్కలూ కొలువు. అరగంటాగి మళ్లీ అదేచోట కొలువు. వాడి పాదం మీద బొటనవేలి నుంచి పైకి వచ్చే తాడులాంటి స్నాయువుకు పక్కన మూడువేళ్లు మెత్తగా ఆనించి నాడి వెతుకు. దొరక్కపోతే కొంచెం పక్కకు జరుపు. దొరికాక నిమిషానికి ఎన్ని కొట్టుకుందో నాకు రాసి పంపు.

మీ తాతయ్య